మూలన పడిన మడత కత్తి, మరుగవుతున్న నూరుడు విద్య

జి.కొండూరు: గడ్డం గీయించుకోవడానికి కూర్చున్న వారికి ఒకప్పుడు ముందుగా వినిపించేది తోలుపట్టా మీద కత్తి అటూ ఇటూ ఆడే చప్పుడు. ఇప్పుడు వినిపించేది కాగితంలో ఉన్న బ్లేడును నిలువునా రెండుగా విరిచే చప్పుడు. జి.కొండూరు, మైలవరం మొదలుకొని నందిగామ, జగ్గయ్యపేట దాకా మెట్ట ప్రాంతంలో ఏ సెలూనులో చూసినా ఇదే తీరు. మడత కత్తి పొది అడుగుకు చేరింది. దానితోపాటు దానికి పదును పెట్టే విద్య కూడా మరుగున పడుతోంది.

బ్లేడు రావడం మంచికే. అందులో రెండో మాటకు తావు లేదు. అయితే గడ్డం కత్తి నూరడం ఆషామాషీ పని కాదు. కొడవలి కాస్త మొండిగా ఉన్నా వరి తెగుతుంది. కత్తిపీట కాస్త మొండిగా ఉన్నా వంకాయ తెగుతుంది. గడ్డం కత్తి రవ్వంత మొండిగా ఉన్నా చర్మం మండుతుంది, నెత్తురు కనబడుతుంది. నూరుడు పనులన్నింటిలోకీ కష్టమైన ఈ పని తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే దాని కీలకం నాలుగు మాటల్లో రాసి ఉంచుకోవలసిన అవసరం ఉంది.

కళ్ళంలో గింజలు, రాయి మీద చెయ్యి

నాయీబ్రాహ్మణ వృత్తిదారుని పొదిలో మడత కత్తి, కత్తెర, దువ్వెన, గోరుగల్లు, చేతి అద్దం, నీళ్ళ గిన్నె ఉండేవి. వాటి అడుగున ఒక సానరాయి, ఒక తోలుముక్క. పొది చంకన పెట్టుకొని ఇంటింటికీ వెళ్ళి అరుగు మీదో చెట్టు కిందో పని చేసేవారు. పుట్టువెంట్రుకలు తీయాలన్నా, పెళ్ళికొడుకును చేయాలన్నా, ఇంట్లో కర్మ జరగాలన్నా వారు రావలసిందే. పెళ్ళిళ్ళలో సన్నాయి, డోలు వాయించేదీ ఎక్కువగా ఈ వృత్తి వారే.

పనికి ఆ పూట డబ్బు ముట్టేది కాదు. పంట నూర్చినప్పుడు కళ్ళం దగ్గర మేర కొలిచేవారు. ఏడాది పొడుగునా చేసిన పనికి ఏడాదికోసారి గింజలు. వారం వారం గడ్డాలు మండించిన వానికి కళ్ళం దగ్గర మంచి మాట దక్కదు, కొలతలోనూ చెయ్యి బిగుసుకుంటుంది. కనుక కత్తి నూరడం అనేది వృత్తిదారుని తిండిగింజలతో ముడిపడిన విషయం. కత్తి ఎక్కడ కొన్నాడన్నది ఎవరికీ పట్టదు. ఎలా నూరాడన్నది గడ్డానికి తెలిసిపోతుంది.

జర్మనీలోని సోలింగన్, ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణాలు ఇటువంటి కత్తులకు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. సోలింగన్ పేరును ఇతరులు వాడుకోకుండా జర్మనీ ప్రభుత్వం 1938లో చట్టపరమైన రక్షణ కల్పించిందంటే ఆ పేరుకున్న విలువ ఊహించుకోవచ్చు. కానీ సోలింగన్ కత్తి అయినా రాయి ఎక్కకపోతే రెండు నెలల్లో మొండి అవుతుంది.

వెన్నే కొలబద్ద

గడ్డం కత్తి తయారీలోనే ఒక తెలివి దాగి ఉంది. దాని వెన్ను మందంగా, పొట్ట లోతుగా, అంచు పలచగా ఉంటుంది. రాయి మీద పెట్టినప్పుడు వెన్నూ అంచూ రెండూ ఒకేసారి రాయిని తాకాలి. మధ్య పొట్ట తాకకూడదు. ఇలా పెడితే కోణం దానంతట అదే కుదురుతుంది. చేత్తో అంచనా వేయనక్కర లేదు.

లెక్క చూస్తే, 16 మిల్లీమీటర్ల వెడల్పున్న కత్తికి వెన్ను మందం నాలుగున్నర నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటే అంచు కోణం 16 నుంచి 18 డిగ్రీల దాకా వస్తుంది. వంటింటి కత్తికి సామాన్యంగా 30 డిగ్రీలకు తక్కువ ఉండదు. అంటే గడ్డం కత్తి అంచు దానికి సగమే. అందుకే అంత వాడి, అందుకే అంత సుకుమారం.

కొత్తగా నేర్చుకునేవారు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. త్వరగా పదును రావాలన్న ఆత్రంతో వెన్ను పైకి లేపి అంచునే రుద్దుతారు. రెండు నిమిషాల్లో వాడిగా కనబడుతుంది గాని, కోణం చెడిపోతుంది. చెడిన కోణాన్ని తిరిగి దారికి తేవడానికి పూటంతా పడుతుంది. రెండో పొరపాటు నొక్కి పట్టడం. గట్టిగా నొక్కితే పలచని అంచు వంగి, రాయి ఒకచోట తాకుతుంది, మరొకచోట తాకదు. చివరికి వచ్చేసరికి కత్తి బరువు తప్ప చేతి బరువు రాయి మీద పడకూడదు.

మెట్టు మెట్టుగా

పదును మూడు మెట్లలో వస్తుంది. మొదటి మెట్టు అంచు కుదర్చడం. దీనికి కాస్త గరుకు రాయి కావాలి. నేడు దుకాణాల్లో దొరికే రాళ్ళ లెక్కలో చెప్పాలంటే వెయ్యి నంబరు రాయి. అందులోని రేణువు సుమారు 15 మైక్రాన్లు ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. రాయి మీద నీళ్ళు చల్లి, అంచు ముందుండేలా కత్తిని తోయాలి. అటు ఒకసారి, ఇటు ఒకసారి. రెండు పక్కలా సమంగా అరగాలి. అంచు పొడుగునా, పిడి దగ్గర నుంచి కొస దాకా, రెండు వాలులూ ఒకే గీత మీద కలిసేదాకా ఈ మెట్టు దాటకూడదు. ఇక్కడ కుదరని పదును ఎంత ఖరీదైన రాయి మీదా రాదు.

రెండో మెట్టు గీతలు చెరపడం. గరుకు రాయి చేసిన గీతలను మెత్తని రాయి చెరుపుతుంది. 4 వేల నంబరు, ఆ తరువాత 8 వేల నంబరు. 8 వేల నంబరు రాయిలో రేణువు రెండు మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది. చేతికి గాజు పలకలా తగులుతుంది. ఒక్కో రాయి ముందు రాయి గీతలను పూర్తిగా తీసివేశాకనే తరువాతి రాయి ఎక్కాలి. మధ్య మెట్టు దాటవేస్తే లోతు గీతలు అలాగే మిగిలి అంచు రంపంలా ఉంటుంది. రాయి మీద గంధంలా తేరే నల్లని నీరు ఇనుము అరుగుతున్నదనడానికి గుర్తు. రాయి మారేటప్పుడు కత్తిని శుభ్రంగా తుడవాలి. గరుకు రాయి రేణువు ఒక్కటి మెత్తని రాయి మీద పడినా చేసిన పని చెడుతుంది.

మూడో మెట్టు తోలు. ఇక్కడ దారి తిరగబడుతుంది. రాయి మీద అంచు ముందు నడిస్తే, తోలు మీద వెన్ను ముందు నడవాలి. మరచిపోయి అంచు ముందు తోస్తే తోలు తెగుతుంది, కత్తి మొండి అవుతుంది. చివరకు చేరినప్పుడు కత్తిని అంచు మీద కాకుండా వెన్ను మీద తిప్పాలి. ముప్పై నలభై సార్లు ఇలా లాగితే రాయి మిగిల్చిన సన్నని ముళ్ళు సర్దుకొని అంచు నున్నబడుతుంది. తోలు లేనప్పుడు అరచేతి మీదే కత్తి ఆడించడం కూడా వృత్తిదారులకు అలవాటే. కొత్తవారు ఆ సాహసం చేయకుండా ఉంటే మంచిది. పాత వార్తాపత్రిక మడిచి దాని మీద లాగినా కొంత పని జరుగుతుంది. అచ్చు సిరాలోని మసి అందుకు సాయపడుతుంది. చదివేసిన పత్రికకు ఇదొక ప్రయోజనం.

ఏ రాయి మేలు?

మేలైన రాయికి మూడు గుణాలు ఉండాలి. ఇనుమును కొరికే గట్టిదనం, అంతటా ఒకే పాటి రేణువు, చదునైన ముఖం. సుశ్రుత సంహితలో శస్త్రాలకు పదును పెట్టడానికి మినుముల రంగులో ఉండే నున్నని రాతిని, పదును నిలపడానికి బూరుగు చెక్క పలకను చెప్పారు. పదునైన శస్త్రం వెంట్రుకను కోయాలని కూడా అందులో ఉంది. రాయి తరువాత మెత్తని పలక అనే వరుస మనకు ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సానపట్టేవారు తిప్పే చక్రాలను మన దేశంలో పూర్వం కురువిందం పొడిని కరిగించిన లక్కలో కలిపి తయారు చేసేవారు. కురువిందం వజ్రం తరువాత మిక్కిలి గట్టి ఖనిజాల్లో ఒకటి. మంచి రంగు తిరిగితే అదే కెంపు, అదే నీలం. ఇంగ్లీషువారు దానిని పిలిచే ‘కొరండం’ అనే మాట మన దక్షిణాది భాషల నుంచే వారికి చేరింది. 1891లో అమెరికాలో అచెసన్ అనే ఆయన విద్యుత్ కొలిమిలో కొత్త పదార్థం తయారు చేసి, కొరండం పేరును కలుపుకొని ‘కార్బోరండం’ అని పేరు పెట్టాడు. నేడు మన వడ్రంగుల దగ్గర, హార్డువేరు దుకాణాల్లో కనబడే కార్బోరండం రాయి అదే. 1954లో మద్రాసులో ఏర్పడిన కార్బోరండం యూనివర్సల్ సంస్థ ఇటువంటి సరుకును మన దేశంలో తయారు చేస్తోంది. మన మాట ఇలా సముద్రాలు చుట్టి తిరిగి మన ఊరి దుకాణానికే చేరింది.

బెల్జియం దేశంలో పసుపుపచ్చని సానరాయి ఒకటి దొరుకుతుంది. గడ్డం కత్తులకు అది పెట్టింది పేరు. ఆ రాయి పనితనమంతా అందులోని సన్నని గార్నెట్ రేణువులదే. గార్నెట్ మనకు కొత్తది కాదు. కొండపల్లి కొండల శిలల్లో ఉన్నది, పక్కనే కొత్తగూడెం దగ్గరి గరీబుపేట గుట్ట దానికి ప్రసిద్ధి. కాకపోతే మన శిలల్లో గార్నెట్ పెద్ద పలుకులుగా ఉంటుంది, బెల్జియం రాతిలో కంటికి కనబడనంత సన్నగా, సమంగా ఉంటుంది. ఖనిజం ఒకటే అయినా ఒకటి కొండరాయి, ఒకటి సానరాయి కావడానికి కారణం ఇదే.

రాయి ఏదైనా వాడగా వాడగా మధ్యలో గుంట పడుతుంది. గుంట పడిన రాయి మీద కత్తి ఎంత నూరినా అంచు సమంగా రాదు. చదును బండ మీద ఇసుక, నీళ్ళు వేసి రాయి ముఖాన్ని రుద్ది సాపు చేయడం కూడా నూరుడు విద్యలో భాగమే.

కొత్తగా వచ్చిన ఫిల్ములు, పేస్టులు

ఇప్పుడు రాయి లేకుండానే పదును పెట్టే సాధనాలు వచ్చాయి. ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం ఆక్సైడు రేణువులు సమంగా అంటించిన ఫిల్ములు వాటిలో ఒకటి. ఇంటింటికీ ఇంటర్నెట్ తెస్తున్న గాజు తీగల కొసలను నున్నగా అరగదీయడానికి పుట్టిన సరుకు ఇది. 12 మైక్రాన్లు, 9, 3, 1, ఆఖరికి మైక్రానులో మూడో వంతు వరకు వరుసగా దొరుకుతాయి. చదునైన గాజుపలక మీద నాలుగు నీటిచుక్కలు చల్లి ఫిల్మును అంటిస్తే చాలు, అదే సానరాయి. గుంట పడుతుందన్న బెంగ లేదు. అరిగితే పారవేసి మరొకటి వేసుకోవాలి. ఒక్క జాగ్రత్త అవసరం. ఫిల్ము కింద చిన్న ఇసుక పలుకు ఉన్నా అక్కడ ఉబ్బి అంచును గాటు పెడుతుంది.

తోలుకు పూసే పచ్చని పేస్టు మరొకటి. అది క్రోమియం ఆక్సైడు. రేణువు అర మైక్రాను పాటిది. క్రోమియానికి మూలమైన క్రోమైటు ఖనిజం మన కొండపల్లి కొండల్లో ఉన్నదన్న సంగతి భూగర్భ శాస్త్రం చదివిన వారికి తెలుసు. ఇంకా వాడి కావాలనుకునే వారికి వజ్రపు పొడి పేస్టులు ఉన్నాయి. పేస్టు పూసిన తోలు వేరు, ఉత్త తోలు వేరు. రెండింటినీ విడివిడిగా ఉంచుకోవాలి. పేస్టు మీద అదే పనిగా లాగితే అంచు గుండ్రబడి మళ్ళీ రాయి ఎక్కవలసి వస్తుంది. నాలుగైదు సార్లు లాగి ఆపడమే తెలివి.

విదేశాల్లో ఈ రాళ్ళ కోసం, ఫిల్ముల కోసం వేలకు వేలు ఖర్చు పెట్టే అభిరుచి గలవారు ఉన్నారు. ఇక్కడ ఒక సానరాయి, ఒక తోలుముక్కతో ఊరంతటికీ గడ్డాలు గీశారు. సరుకు మారినా సూత్రం మారలేదు. ముందు అంచు కుదరాలి, తరువాత గీతలు చెరగాలి, చివరకు తోలు మీద నున్నబడాలి. ఈ వరుస తప్పితే ఏ ఖరీదైన పేస్టూ కాపాడదు.

వెంట్రుకకు ఉక్కు ఎందుకు ఓడుతుంది?

బాగా నూరిన అంచు మందం అర మైక్రానుకు అటూ ఇటూ ఉంటుంది. గడ్డం వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది. అంటే అంచుకు 200 రెట్లు. పోనీ వెంట్రుక మెత్తనిదే కదా అంటారా? ఉక్కు కంటే 50 రెట్లు మెత్తన. అయినా కత్తి మొండి పడుతుంది. అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు 2020లో ఈ చిక్కును విప్పి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. అంచు అరిగిపోవడం ఒక్కటే కారణం కాదని, వెంట్రుక వంగి అంచును పక్కకు నెట్టినప్పుడు ఉక్కులో బలహీనంగా ఉన్న చోట సన్నని పెళ్ళలు ఊడుతున్నాయని వారు సూక్ష్మదర్శినిలో చూశారు.

గడ్డాన్ని ముందు నీళ్ళతో బాగా నానబెట్టే అలవాటుకు ఇక్కడ అర్థం దొరుకుతుంది. నానిన వెంట్రుక మెత్తబడి తేలికగా తెగుతుంది. చర్మానికే కాదు, కత్తికీ అది మేలు. తడి మిగిలితే తుప్పు తగిలి అంచు ఒక్క రాత్రిలో చెడుతుంది. అందుకే పని కాగానే పొడిగుడ్డతో తుడిచి ఒక చుక్క నూనె రాసి మడిచేవారు.

పదును చూడటానికి ముంజేతి వెంట్రుకల పైన చర్మానికి తగలకుండా కత్తిని పోనిచ్చేవారు. వెంట్రుకలు టపటపా రాలితే కత్తి సిద్ధం. తల వెంట్రుక ఒకటి వేళ్ళతో వేలాడదీసి అంచుకు ఆనిస్తే దానంతట అది తెగిపడటం అన్నింటికంటే పెద్ద పరీక్ష.

బ్లేడు ఎందుకు గెలిచింది?

అమెరికాలో జిల్లెట్ 1903లో విడి బ్లేడు రేజరును అమ్మకానికి పెట్టినప్పుడు మొదటి ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు. తరువాత అది ప్రపంచాన్ని ఆక్రమించింది. మన దేశంలోనూ టోపాజ్, పనామా వంటి బ్లేడ్లు పల్లె దుకాణాలకు చేరాయి. ఇంట్లోనే గడ్డం గీసుకునే వారు పెరిగారు. అయినా సెలూన్లలో మడత కత్తి చాలాకాలం నిలిచింది. దానిని మూలకు నెట్టింది రోగభయం.

1986లో మన దేశంలో ఎయిడ్స్ వైరస్ జాడ మొదటిసారి మద్రాసులో బయటపడింది. నెత్తురు ద్వారా పాకే జబ్బుల మీద ప్రచారం పెరిగింది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. కంటికి కనబడని గాటు చాలు, ఒకరి నెత్తురు మరొకరికి సోకడానికి. కత్తిని వేడినీళ్ళలో వేస్తే సరిపోదా అనే వారున్నారు. కత్తిని ఉడికించినా, దానిని లాగే తోలును ఉడికించలేం. నానే రాయిని శుద్ధి చేయడమూ కష్టమే. పది మందికి ఒకే కత్తి, ఒకే తోలు అన్న పద్ధతి ముగియడం ఊరి ఆరోగ్యానికి మేలే. తిరుమల కళ్యాణకట్టలోనూ నేడు తలనీలాలు తీసేది బ్లేడుతోనే.

ఇప్పుడు వాడే పిడికి సగం బ్లేడు తగిలిస్తారు. ఒక బ్లేడు ఇద్దరికి సరిపోతుంది, ఒక్కో సగం ఒక్కరికే. ఖర్చు ఆదా కోసం అదే సగంతో రెండో మనిషికి గీస్తే ఈ మార్పంతా వృథా. కుర్చీలో కూర్చున్నవారు తమ కళ్ళ ముందే కొత్త బ్లేడు తగిలించమని అడగడంలో తప్పు లేదు. వృత్తిదారులు కూడా దానిని అనుమానంగా భావించరాదు. వాడిన బ్లేడును చెత్తకుప్పలో విసిరితే చెత్త ఎత్తే వారి చేతులు తెగుతాయి. మూత ఉన్న డబ్బాలో వేయాలి.

విద్యను వదులుకోనక్కర లేదు

కత్తి పోయినంత మాత్రాన నూరుడు విద్యకు పని లేకపోలేదు. ప్రతి సెలూనులో కత్తెరలు ఉన్నాయి. కత్తెర మొండిదైతే వెంట్రుక తెగక మడతపడి లాగుతుంది. కత్తెర నూరడంలో ఒక సూత్రం ఉంది. బయటి వాలునే నూరాలి, రెండు రేకులు ఒకదానికొకటి రాసుకునే లోపలి ముఖాన్ని అరగదీయరాదు. అరగదీస్తే రేకుల మధ్య సందు పడి కత్తెర పనికిరాకుండా పోతుంది. ఇది తెలియని సానవారి చేతికిచ్చి మంచి కత్తెరలు పాడు చేసుకున్నవారు ఎందరో. దర్జీల కత్తెరలకూ ఇదే సూత్రం. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి చెక్కను చెక్కే ఉలులు, కత్తులకూ ఈ చేతులే కావాలి. మామిడి అంట్లు కట్టే కత్తికి గడ్డం కత్తి అంత పదును ఉంటేనే కోత నున్నగా వచ్చి అంటు అతుకుతుంది.

2020లో మొదలైన జగనన్న చేదోడు పథకం కింద సెలూన్లు ఉన్న నాయీబ్రాహ్మణులకు ఏడాదికి 10 వేల రూపాయల సాయం అందింది. అది దుకాణానికి అందిన సాయం. చేతిలోని విద్యకు ఆసరా ఇంకా రావలసి ఉంది. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో యువకులకు క్షౌర వృత్తిలో శిక్షణ ఇచ్చేచోట కత్తెరలు, కత్తులు నూరడాన్ని ఒక పాఠంగా చేర్చి, ఆ పాఠం చెప్పడానికి ఊళ్ళలో ఉన్న పెద్దలనే పిలిచి తగిన పారితోషికం ఇస్తే రెండు తరాలకూ మేలు. వేల రూపాయల కత్తెర కొని మొండిపడగానే మరొకటి కొనే ఖర్చు తగ్గుతుంది. నూరడం తెలిసిన వారికి సెలూను పనితోపాటు మరో ఆదాయం చేకూరుతుంది.

ఇంట్లో తాతల నాటి మడత కత్తి ఉన్నవారు దానిని తుక్కు ఇనుము కింద తూకానికి వేయకుండా ఉంటే మంచిది. ఒకే మనిషి, తన గడ్డానికి మాత్రమే వాడుకుంటే దానితో ఏ ప్రమాదమూ లేదు. తుప్పు తుడిచి, దానితోపాటు ఊళ్ళో నూరడం తెలిసిన పెద్దాయన దగ్గరకు వెళ్ళి రాయి మీద వెన్ను ఎలా ఆనించాలో అడగండి. ఆయన కూడా ఎవరో ఒకరు అడగాలనే చూస్తూ ఉంటారు.